రంగును నమ్మితే దొరకని చిమ్మట

జీవశాస్త్రం చదివిన వారందరికీ ఒక బొమ్మ గుర్తుండే ఉంటుంది. లైకెన్లు, అంటే బెరడు మీద లేత రంగు పొరలా పెరిగే జీవులు, పట్టిన చెట్టు మొదలు మీద ఒక తెల్లని చిమ్మట, ఒక నల్లని చిమ్మట. పక్కనే బొగ్గు పొగతో మసిబారిన మరో చెట్టు మీద మళ్లీ అవే రెండు. మొదటి చెట్టు మీద నల్లది, రెండో చెట్టు మీద తెల్లది కొట్టొచ్చినట్టు కనబడతాయి. పిట్టలు వాటిని ఏరుకుని తింటాయి, మిగిలినవి సంతానాన్ని పెంచుకుంటాయి. ప్రకృతి వరణానికి ఇంతకంటే తేలికైన ఉదాహరణ లేదంటూ పాఠం ముందుకు సాగిపోతుంది. ఆ చిమ్మట శాస్త్రీయ నామం బిస్టన్ బెట్యులేరియా. తెల్లని రెక్కల మీద మిరియాల పొడి చల్లినట్టు ఉంటుంది కాబట్టి మిరియాల చిమ్మట అందాం.

ఆ బొమ్మ చెప్పేది నిజమే. చెప్పకుండా వదిలేసినది మాత్రం చాలా ఎక్కువ. ఈ ప్రాణి ఏడాదిలో రెక్కలతో బతికేది కొద్ది రోజులే. తక్కిన కాలమంతా గుడ్డుగా, గొంగళిపురుగుగా, మట్టిలో ప్యూపాగా, అంటే రెక్కలు తయారయ్యే కదలని దశలో, గడుపుతుంది. ప్రతి దశలోనూ శత్రువు బారిన పడకుండా తప్పించుకోవాలి, ప్రతి దశకూ అందుకు వేరే ఉపాయం ఉంది. ఆ ఉపాయాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఒక ప్రశ్న పుడుతుంది. పొగ అడవినంతా నల్లబరచినప్పుడు తరతరాలుగా మారవలసి వచ్చింది రెక్కల రంగే ఎందుకు? అవే చెట్ల మీద వారాల తరబడి మేస్తూ బతికే గొంగళిపురుగుకు ఆ అగత్యం ఎందుకు రాలేదు? ఈ చిమ్మటను అడవిలో సరిగ్గా గుర్తుపట్టడానికీ, దాని చరిత్రను సరిగ్గా అర్థం చేసుకోవడానికీ దారి ఇక్కడే మొదలవుతుంది.

గుర్తుపట్టేటప్పుడు రంగు చివర

మిరియాల చిమ్మట యూరప్ అంతటా కనిపిస్తుంది. రష్యా మీదుగా చైనా, కొరియా, జపాన్ దాకా, అటు ఉత్తర అమెరికాలోనూ ఉంది. ఆకురాల్చే అడవులు దానికి ఇష్టమైన చోటు. పొలాల గట్ల మీది కంచె చెట్లలో, నగరాల పార్కుల్లో, పెరటి తోటల్లో కూడా బతకగలదు. ఎక్కువగా అధ్యయనం జరిగింది బ్రిటన్‌లో కాబట్టి ఇక్కడి వివరాలు కూడా ప్రధానంగా ఆ దేశానివే.

కొత్తగా చూసేవారిని ముందుగా తప్పుదారి పట్టించేది రంగే. ఈ జాతిలో తెల్లని రూపాన్ని టిపికా అనీ, దాదాపు పూర్తిగా నల్లగా ఉండే రూపాన్ని కార్బొనేరియా అనీ అంటారు. ఈ రెండింటికీ మధ్య బూడిద రంగు నుంచి ముదురు రంగు దాకా రకరకాల చుక్కలతో ఉండేవన్నీ కలిపి ఇన్సులేరియా. ఈ మూడూ ఒకే జాతి. ఒకదానితో ఒకటి జతకడతాయి, ఒకే తల్లి పిల్లల్లో రెండు రంగులవి ఉండవచ్చు. రంగును బట్టి పేరు పెట్టాలని కూర్చుంటే ఒకే జాతిని మూడు జాతులుగా లెక్కపెట్టే ప్రమాదం ఉంది. అంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. ఐరోపా అడవుల్లో నల్లని రూపాలున్న చిమ్మట జాతులు ఇంకా ఉన్నాయి. కాబట్టి నల్లగా ఉంది కనుక మిరియాల చిమ్మట అని తేల్చడం కూడా చెల్లదు.

మొదట చూడవలసింది తేదీ. ఇది బ్రిటన్‌లో మే నుంచి ఆగస్టు వరకు ఎగురుతుంది. దీనికి దగ్గరి బంధువు ఓక్ బ్యూటీ, అంటే బిస్టన్ స్ట్రటేరియా. ఒంటి పొంకంలో రెండూ ఒకేలా ఉంటాయి. కానీ ఓక్ బ్యూటీ ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ వరకు తిరిగి వెళ్లిపోతుంది, దాని ముందు రెక్కల మీద గోధుమ రంగు అడ్డపట్టీలు ఉంటాయి. పేల్ బ్రిండిల్డ్ బ్యూటీ అనే మరో బంధువు ఇంకా ముందు, చలికాలం నడుమే బయటికి వస్తుంది. దానిలోనూ నల్లని రూపం ఉంది, ఆడ చిమ్మటకు ఎగిరే రెక్కలే ఉండవు. నల్లని చిమ్మట ఫోటో ఒకటి ఫిబ్రవరి తేదీతో వస్తే అది మిరియాల చిమ్మట అయ్యే అవకాశం లేనట్టే. తేదీ లేని ఫోటోతో నిపుణులు సైతం ఇబ్బంది పడేది ఇందుకే.

రెండోది కూర్చునే తీరు. మిరియాల చిమ్మట జియోమెట్రిడే కుటుంబానికి చెందినది. ఈ కుటుంబంలోని చిమ్మటలు చాలావరకు సన్నని ఒంటితో, పలుచని వెడల్పాటి రెక్కలతో ఉంటాయి. ఇది మాత్రం ఆ కుటుంబంలో కాస్త భిన్నం. ఒళ్లు బలంగా, దట్టమైన నూగుతో ఉంటుంది. ముందు రెక్కలు పొడవుగా, కొంచెం సన్నగా సాగి ఉంటాయి. చాపితే అంచు నుంచి అంచుకు సుమారు 4.5 నుంచి 6 సెంటీమీటర్లు. కూర్చున్నప్పుడు రెక్కలను పక్కలకూ కొద్దిగా వెనక్కూ చాచి బెరడుకు అదిమిపెడుతుంది. నాక్ట్యుయిడే కుటుంబపు చిమ్మటలు చాలా మటుకు రెక్కలను వీపు మీద ఇంటి కప్పులా వాల్చి కూర్చుంటాయి. ఓక్ అడవుల్లో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఎగిరే మెర్వీల్ డు జూర్ అనే ఆకుపచ్చని చిమ్మట ఈ రెండో పద్ధతికి చక్కటి ఉదాహరణ. అదీ లైకెన్లలో కలిసిపోతుంది, అదీ బెరడు మీదే కూర్చుంటుంది. అయినా రెక్కలు వాల్చిన తీరు చూస్తే చాలు, కుటుంబం వేరని తెలిసిపోతుంది.

మూడోది మీసాలు. పుస్తకాల్లో స్పర్శశృంగాలు అని రాసేవి ఇవే. మగ చిమ్మటకు ఇవి రెండు వైపులా పళ్లున్న ఈకల్లా ఉంటాయి, ఆడదానికి సన్నని దారాల్లా ఉంటాయి. ఈ తేడాకు కారణం పని విభజన. ఆడ చిమ్మట ఒకచోట కూర్చుని గాలిలోకి వాసన వదులుతుంది, మగది ఆ వాసన పట్టుకుని గాలికి ఎదురుగా ఎగురుతూ వస్తుంది. పత్తి, వరి చేలలో లింగాకర్షక బుట్టలు కట్టిన రైతులకు ఈ సంగతి కొత్తేమీ కాదు. ఆ బుట్టల్లో పడేవన్నీ మగ పురుగులే. దీపపు ఎరల దగ్గర కూడా మిరియాల చిమ్మటల్లో మగవే ఎక్కువగా చిక్కుతాయి. ఎరలో దొరికిన వాటిని బట్టి అడవిలో ఆడవి తక్కువని అనుకోకూడదు.

ఈ మూడూ సరిపోయాకే రెక్కల మీది గీతలు, చుక్కలు చూడాలి. అప్పుడు అవి ఏ రూపమో తేల్చడానికి పనికొస్తాయి, ఏ జాతో తేల్చడానికి కాదు.

బెరడు మీద కలిసిపోవడం వెనక

రంగు కలవడం ఒక్కటే చాలితే బెరడు రంగు కాగితం ముక్క కూడా కనిపించకుండా పోవాలి. పోదు. పక్షి కన్ను ముందుగా పట్టుకునేది అంచును, నీడను, రెండు వైపులా ఒకేలా ఉండే ఆకారాన్ని. చిమ్మట రెక్కలను బెరడుకు అదిమి కూర్చోవడం వల్ల అంచు కింద నీడ పడదు. రెక్కల మీది నల్ల మచ్చలు, వంకర గీతలు అంచు దాకా పాకి అక్కడ తెగిపోతాయి. దాంతో రెక్క ఎక్కడ ముగిసిందో, బెరడు ఎక్కడ మొదలైందో చూపుకు అందదు. మచ్చలు రెక్క నడుమ మాత్రమే ఉండి అంచు ఒకే రంగులో ఉంటే ఈ పని జరగదు.

కూర్చునే దిశ కూడా ముఖ్యమే. దక్షిణ కొరియాలో ఇదే కుటుంబానికి చెందిన రెండు జాతుల చిమ్మటల మీద జరిగిన పరిశోధన ఈ విషయాన్ని స్పష్టంగా చూపింది. అవి బెరడు మీద వాలిన తర్వాత ఊరుకోవు. కొంచెం నడుస్తాయి, ఒంటిని తిప్పుకుంటాయి. రెక్కల మీది గీతలు బెరడు చారల దారిలోకి వచ్చేలా సర్దుకుంటాయి. వాలిన క్షణంలో కంటే సర్దుకున్న తర్వాత వాటిని కనిపెట్టడం కష్టమైందని తేలింది. చిమ్మట బెరడులో కలిసిపోయిందంటే అందులో ఒంటి రంగుతో పాటు నడవడికకూ వాటా ఉందన్నమాట.

ఎక్కడ కూర్చుంటుందన్నది మరో ప్రశ్న. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో ఎప్పుడూ చెట్టు మొదలు మీదే ఉంటుంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మైఖేల్ మజెరస్ చెట్లెక్కి వెతికి, సహజంగా కూర్చున్న 135 చిమ్మటలను నమోదు చేశాడు. వాటిలో దాదాపు సగం పక్క కొమ్మల మీద, మూడో వంతుకు కొంచెం పైన చెట్టు మొదలు మీద, మిగిలినవి సన్నని రెమ్మల మీద ఉన్నాయి. కాబట్టి నేల మీద నిలబడి కంటి ఎత్తులో వెతికేవారికి దొరికేది కొంత భాగమే. కొమ్మ మొదలుతో కలిసే చోటును, ముఖ్యంగా దాని అడుగు వైపును, చూడటం అలవాటు చేసుకోవాలి.

మనిషి కంటికి కలిసిపోయినట్టు కనిపించేది పక్షి కంటికీ అలాగే ఉంటుందా అన్న అనుమానం చాలాకాలం ఉండేది. పక్షులు అతినీలలోహిత కాంతిని కూడా చూడగలవు. 2018లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టన్, స్టీవెన్స్ పక్షి చూపు నమూనాలతో లెక్కకట్టి, లైకెన్లు పట్టిన చెట్ల మీద కృత్రిమ చిమ్మటలను అమర్చి పరీక్షించారు. లేత రంగువి బతికి బయటపడే అవకాశం ముదురు రంగువాటి కంటే 21 శాతం ఎక్కువగా ఉంది. పక్షి కంటికి కూడా తెల్లని రెక్క లైకెన్లతో కలిసే ఉందని ఆ లెక్కలు చెప్పాయి.

పుల్లగా మారే పురుగు

ఈ చిమ్మట జీవితంలో అన్నిటికంటే అబ్బురమైన దశ గొంగళిపురుగు. దానికి పుస్తకాల్లో దక్కిన చోటు చాలా తక్కువ.

ఆడ చిమ్మట లేత ఆకుపచ్చని గుడ్లను బెరడు పగుళ్లలో, లైకెన్ల సందుల్లో దూర్చి పెడుతుంది. ఒక్కొక్కటి 2000 వరకు గుడ్లు పెట్టగలదు. సుమారు రెండు వారాలకు పిల్లలు బయటికి వస్తాయి. అప్పుడవి ఎంత తేలికగా ఉంటాయంటే, నోటి నుంచి పట్టు దారం వదిలి వేలాడితే గాలి వాటిని ఎత్తుకుపోతుంది. పుట్టిన చెట్టు నుంచి వేరే చెట్టుకు, ఒక్కోసారి దూరాలకు, ఇలాగే చేరతాయి. చేరిన చోట ఏ చెట్టు దొరుకుతుందో చెప్పలేం కాబట్టి తిండి విషయంలో పట్టింపు తక్కువ. బర్చ్, ఓక్, విల్లో, పోప్లార్, హాథార్న్, ముళ్లపొదలు, చివరికి గులాబీ మొక్కలు కూడా తింటాయి. ఇక్కడ ఒక లంకె ఉంది. ఎన్నో రకాల చెట్ల మీద బతకాలంటే ఎన్నో రకాల పుల్లల రంగుల్లో కలిసిపోవాలి. బర్చ్ పుల్ల ఊదా ఛాయ గల గోధుమ రంగు, విల్లో రెమ్మ పచ్చన. పుట్టుకతోనే ఒకే రంగుతో వచ్చిన పురుగు గాలి ఎటు తీసుకుపోతే అటు పోయి బతకలేదు.

అందుకే ఈ పురుగు రంగును పుట్టుకకు వదిలిపెట్టలేదు. పెరిగే కాలంలో చుట్టూ ఉన్న పుల్లలను బట్టి ఒంటి రంగును మార్చుకుంటుంది. ఊసరవెల్లిలా నిమిషాల్లో కాదు, రోజుల తరబడి, మెల్లగా. 2008లో అమెరికాలోని మిరియాల చిమ్మట పురుగుల మీద అచ్చయిన పరిశోధన ఈ మార్పు వెనక్కి కూడా తిరగగలదని చూపింది. పచ్చని రెమ్మల మీద పచ్చగా ఉన్న పురుగును గోధుమ పుల్లల మీదికి మారిస్తే అది గోధుమ రంగుకు వస్తుంది.

పురుగుకు తన చుట్టూ ఉన్న రంగు ఎలా తెలుస్తుంది? తలకు రెండు పక్కలా ఉండే చిన్న చిన్న కళ్లతో చూసి తెలుసుకుంటుందని అనుకోవడం సహజం. లివర్‌పూల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన ప్రయోగంలో ఆ కళ్లను నల్ల రంగు పూసి మూసేశారు. తర్వాత పురుగులను పచ్చ, గోధుమ, నలుపు, తెలుపు రంగుల కర్రల మీద పెంచారు. కళ్లు మూసిన పురుగులు కూడా కళ్లున్న వాటిలాగే రంగు మార్చుకున్నాయి. తమకు సరిపోయే రంగు కర్రను ఎంచుకుని దాని మీదే వాలాయి కూడా. చూపుకు సంబంధించిన జన్యువులు వాటి చర్మంలో కూడా పనిచేస్తున్నాయని తేలింది. అంటే ఈ పురుగు చర్మం రంగును కనిపెట్టగలదు. ఒంటినంతటినీ కొమ్మకు ఆనించి బతికే ప్రాణికి తల దగ్గరున్న కళ్ల కంటే ఒళ్లంతా పరుచుకున్న చూపే నమ్మకమైనదని చెప్పుకోవచ్చు.

రంగుతో పాటు ఆకారం. బాగా ఎదిగిన పురుగు 5 సెంటీమీటర్ల పైన ఉంటుంది. ఒళ్లు సన్నగా, గట్టిగా, అక్కడక్కడ మొగ్గ కణుపుల్లాంటి బొడిపెలతో ఉంటుంది. తల నడుమ నొక్కు ఉండి రెండుగా చీలినట్టు కనబడుతుంది. అచ్చం విరిగిన పుల్ల కొసలా. పొట్ట భాగంలోని మెత్తటి కాళ్లు చాలా గొంగళిపురుగులకు 5 జతలుంటే దీనికి 2 జతలే, అవి కూడా తోక చివర. ఆ కాళ్లతో కొమ్మను పట్టుకుని, మిగతా ఒంటిని ఏటవాలుగా గాలిలోకి చాచి పగలంతా కదలకుండా నిలబడుతుంది. రాత్రి మేస్తుంది. నడిచినప్పుడు నడుము పైకెత్తి వంచి, ముందుకు సాగుతుంది. ఆముదపు చేలలో నామాల పురుగును, దాసరి పురుగు అని కూడా పిలిచేదాన్ని, చూసినవారికి ఈ నడక పరిచయమే. అయితే నామాల పురుగు వేరే కుటుంబానికి చెందినది. నడక కలిసినంత మాత్రాన బంధుత్వం కలవదు. కాళ్ల జతలు లెక్కపెట్టి చూడటమే ఇక్కడ నమ్మదగిన పద్ధతి.

ఈ పుల్ల వేషానికీ ప్రౌఢ చిమ్మట దాగడానికీ మధ్య మౌలికమైన తేడా ఉంది. బెరడు మీది చిమ్మట పక్షి చూపుకు అసలు చిక్కదు. కొమ్మ మీది పురుగు చిక్కుతుంది, పక్షికి స్పష్టంగా కనబడుతుంది. కానీ పక్షి దాన్ని పుల్ల అనుకుని వదిలేస్తుంది. 2010లో స్కెల్‌హార్న్, ఆయన సహచరులు కోడిపిల్లలతో చేసిన ప్రయోగం ఈ తేడాను తేటగా నిరూపించింది. వారు వాడినవి ఇదే కుటుంబానికి చెందిన వేరే రెండు జాతుల పుల్ల పురుగులు. ముందుగా మామూలు పుల్లలను చూసి ఉన్న కోడిపిల్లలు ఆ పురుగుల మీద దాడి చేయడానికి ఎక్కువసేపు తీసుకున్నాయి, ముట్టుకున్నా జాగ్రత్తగా ముట్టుకున్నాయి. పుల్లలంటే తెలియని పిల్లలు వెంటనే పొడిచాయి. పురుగు రెండు సందర్భాల్లోనూ కళ్లెదురుగానే ఉంది. మారింది కోడిపిల్ల అనుభవం ఒక్కటే. పురుగును కాపాడింది అది దాగడం కాదు, పుల్ల తినే వస్తువు కాదని పక్షి నేర్చుకున్న పాఠం.

వేషం చెల్లని శత్రువులు కూడా ఉన్నారు. గొంగళి ఒంట్లో గుడ్లు పెట్టే పరాన్నజీవి కందిరీగలు, ఈగలు వాసనను పట్టుకుని వస్తాయి. వాటి దగ్గర పుల్ల వేషం పెద్దగా పనికిరాదు.

మట్టిలో గడిచే ఎనిమిది నెలలు

శరదృతువు వచ్చేసరికి ఎదిగిన పురుగు చెట్టు దిగి మట్టిలోకి దూరుతుంది. అక్కడ ముదురు గోధుమ రంగు ప్యూపాగా మారి చలికాలమంతా గడుపుతుంది. ఏడాదిలో అతి పొడవైన దశ ఇదే. బ్రిటన్‌లో ఏడాదికి ఒకే తరం. మట్టిలో రంగుకు విలువ లేదు. ఎలుకజాతి జీవులు, నేల పురుగులు, శిలీంధ్రాలు అక్కడ ప్రమాదం. వాటికి ప్యూపా తెల్లగా ఉందా నల్లగా ఉందా అన్నది పట్టదు. ప్యూపాలోనే రెక్కలు తయారవుతాయి, వాటి రంగు కూడా అక్కడే ఖాయమవుతుంది. చుట్టూ ఉన్న మట్టి రంగును బట్టి కాదు, పైన నిలబడి ఉన్న చెట్టు బెరడును బట్టీ కాదు. తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువును బట్టి.

మే నెల నుంచి చిమ్మటలు నేల నుంచి బయటికి వచ్చి దగ్గరలోని చెట్టెక్కి రెక్కలు ఆరబెట్టుకుంటాయి. మగవి దాదాపు ప్రతి రాత్రీ ఆడవాటి కోసం ఎగురుతాయి. ఆడవి ఎగిరేది ప్రధానంగా మొదటి రాత్రే. జతకట్టిన జంట మర్నాటి సాయంత్రం వరకు విడిపోకుండా అలాగే ఉండిపోతుంది. అంటే ఒక పగలంతా రెండు చిమ్మటలూ ఒకేచోట పిట్టల కళ్లు తప్పించుకోవాలి. తర్వాత ఆడది గుడ్లు పెట్టే పనిలో పడుతుంది. రాత్రి ఎగిరే చిమ్మటను గబ్బిలం ప్రతిధ్వనితో పట్టుకుంటుంది కాబట్టి ఆ వేటకు రంగుతో పనిలేదు. రెక్కల రంగు ప్రాణం మీదికి తెచ్చేది పగటి వేళే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు తేలికే. కొమ్మలు మసిబారితే గొంగళిపురుగు తన ఒక్క జన్మలోనే నల్లగా మారగలదు. దాని దగ్గర ఉపాయం ముందే ఉంది. ప్రౌఢ చిమ్మటకు ఆ వెసులుబాటు లేదు. రెక్క ఒకసారి విప్పుకుంటే ఆ రంగుతోనే బతకాలి, ఆ రంగుతోనే చావాలి. కాబట్టి మారవలసింది వ్యక్తి కాదు, జాతిలో నల్లవాటి సంఖ్య. ఒకే ప్రాణి జీవితంలో రంగును సరిచూసుకునే రెండు పద్ధతులూ ఉండటం, వాటిలో ఒకదాన్ని మాత్రమే పొగ దెబ్బతీయడం ఈ చిమ్మట కథలో అన్నిటికంటే విలువైన భాగం.

మసి, లెక్క, కాకినాడ

నల్లని మిరియాల చిమ్మట 1848లో మాంచెస్టర్‌లో దొరికినట్టు నమోదైంది. 1895 నాటికి అదే ప్రాంతంలో దొరికినవాటిలో 98 శాతం నల్లవి. బొగ్గు పొగ లైకెన్లను చంపి బెరడును నల్లగా చేయడం, పక్షులు తెల్లవాటిని ఏరుకు తినడం ఇందుకు కారణమని కీటక శాస్త్రవేత్త జె. డబ్ల్యు. టట్ 1896లో వివరించాడు. ప్రయోగాలు రావడానికి చాలాముందే, 1924లో, బ్రిటన్ జన్యు శాస్త్రవేత్త జె. బి. ఎస్. హాల్డేన్ కాగితం మీద లెక్కకట్టాడు. అరకొరగా ఉన్న నల్లవి అర్ధ శతాబ్దంలో దాదాపు అన్నీ అయిపోవాలంటే అవి తెల్లవాటి కంటే కనీసం ఒకటిన్నర రెట్లు సంతానాన్ని మిగల్చాలని చెప్పాడు. పరిణామం అంటే లక్షల ఏళ్ల వ్యవహారమని నమ్మే కాలంలో ఆ సంఖ్య చాలామందికి మింగుడుపడలేదు. ఆ హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన వీలునామా ప్రకారం ఆయన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాల విద్యార్థుల చదువు కోసం ఇచ్చారు. ఇంగ్లండు అడవుల చిమ్మటకు తొలి లెక్క కట్టిన మనిషి చివరికి గోదావరి జిల్లా విద్యార్థులకు పాఠమయ్యాడు.

ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు బెర్నార్డ్ కెటిల్‌వెల్ 1953లో బర్మింగ్‌హామ్ దగ్గరి మసిపట్టిన అడవిలో, 1955లో డోర్సెట్‌లోని శుభ్రమైన అడవిలో గుర్తులు పెట్టిన చిమ్మటలను వదిలి మళ్లీ పట్టాడు. వదిలినవాటి నిష్పత్తిలో చూస్తే బర్మింగ్‌హామ్‌లో నల్లవి తెల్లవాటికి రెట్టింపు పైన తిరిగి దొరికాయి, డోర్సెట్‌లో తెల్లవి నల్లవాటికి దాదాపు రెట్టింపు. తర్వాత ఆయన పద్ధతుల మీద విమర్శలు వచ్చాయి. చిమ్మటలను అసలు కూర్చోని చోట కూర్చోబెట్టాడనీ, ఒకేచోట ఎక్కువ సంఖ్యలో వదిలాడనీ అన్నారు. వాటిలో న్యాయం ఉంది. అయితే ఆ విమర్శలను పట్టుకుని మొత్తం కథే కల్పితమని ప్రచారం చేయడం అన్యాయం. మజెరస్ ఆ లోపాలన్నిటినీ సరిదిద్దుతూ ఆరేళ్ల పాటు 4,864 చిమ్మటలతో ప్రయోగం నడిపాడు. 9 జాతుల పక్షులు వాటిని తినడం కళ్లారా చూశాడు. శుభ్రమైన కేంబ్రిడ్జ్ ప్రాంతంలో నల్లవే ఎక్కువగా పక్షుల పాలయ్యాయి. ఆయన 2009లో మరణించాడు. 2012లో తోటి శాస్త్రవేత్తలు ఆ ఫలితాలను ప్రచురించారు.

జన్యువు సంగతి 2016లో తేలింది. కార్టెక్స్ అనే జన్యువులో చోటు మార్చుకునే డీఎన్ఏ ముక్క ఒకటి, సుమారు 22,000 అక్షరాల పొడవున్నది, వచ్చి దూరడం వల్ల రెక్క నల్లబడింది. ఆ సంఘటన దాదాపు 1819 ప్రాంతంలో జరిగి ఉంటుందని అంచనా. అంటే పొగ వచ్చి చిమ్మటను నల్లగా చేయలేదు. యాదృచ్ఛికంగా పుట్టిన నల్లదనానికి పొగ పట్టం కట్టింది. ఆ జన్యువు బహిర్గతం కాబట్టి ఒక్క ప్రతి ఉన్నా రెక్క నల్లగానే ఉంటుంది. అది త్వరగా వ్యాపించడానికి ఇదీ ఒక కారణం.

1956లో బ్రిటన్ పొగను అదుపు చేసే చట్టం తెచ్చింది. లివర్‌పూల్ దగ్గరి కాల్డీలో జన్యు శాస్త్రవేత్త సిరిల్ క్లార్క్ ఏళ్ల తరబడి ఎర పెట్టి లెక్కించాడు. 1959లో 90 శాతానికి పైగా ఉన్న నల్లవి 1990ల నడిమికి 20 శాతం లోపుకు పడిపోయాయి. ఇప్పుడు బ్రిటన్‌లో చాలా చోట్ల నల్లది దొరకడమే అరుదు. అందువల్ల గుర్తింపులో కొత్త చిక్కు వచ్చింది. నల్లని చిమ్మట కనబడగానే ప్రసిద్ధమైన కార్బొనేరియానే దొరికిందని సంబరపడేవారు ఎక్కువ. అది చాలాసార్లు వేరే జాతి నల్ల రూపమో, ముదురు ఇన్సులేరియానో అవుతుంది.

మన అడవుల్లో వెతికేవారికి

బిస్టన్ ప్రజాతి మనకు పూర్తిగా పరాయిది కాదు. అస్సాం, డార్జిలింగ్ తేయాకు తోటల్లో ఆకును తినేసే లూపర్ పురుగు బిస్టన్ సప్రెసేరియా దీనికి బంధువే. నల్లమల, తూర్పు కనుమల అడవుల్లోనూ జియోమెట్రిడే కుటుంబపు చిమ్మటలు ఉన్నాయి. వాటికి తెలుగులో స్థిరపడిన పేర్లు తక్కువ, తెలుగులో చిత్రాలతో వచ్చిన పుస్తకాలు ఇంకా తక్కువ. కాబట్టి ఫోటో తీసేటప్పుడే జాగ్రత్త పడటం అవసరం. రెక్కల పైభాగం ఒక్కటే తీసి ఊరుకోకూడదు. కూర్చున్న తీరు తెలిసేలా కొంచెం దూరం నుంచి ఒకటి, మీసాలు కనిపించేలా పక్క నుంచి ఒకటి తీయాలి. తేదీ, ప్రాంతం, చెట్టు పేరు రాసుకోవాలి. పక్కన కొలబద్ద పెడితే మరీ మంచిది.

గొంగళిపురుగు దొరికితే ఏ మొక్క ఆకు తింటున్నదో ఆ ఆకుతోనే పెంచాలి, అడుగున తేమ మట్టి వేయాలి. మట్టిలోకి దిగిన పురుగును తవ్వి చూడకూడదు. రోజూ కాస్త తేమ అందిస్తే సరిపోతుంది. పచ్చగా ఉన్న పురుగు నుంచి ఏ రంగు చిమ్మట వస్తుందో ముందుగా ఊహించి రాయడం వృథా, ఆ రెండు రంగులకూ సంబంధం లేదు. బయటికి వచ్చిన చిమ్మటను రెక్కలు ఆరాక ఫోటో తీసి, పురుగు దొరికిన మొక్క మీదే సాయంత్రం వదిలేయాలి. పురుగు ఫోటో, చిమ్మట ఫోటో, మొక్క పేరు, రెండు తేదీలు ఒకేచోట ఉంటే ఆ జాతిని తేల్చడం నిపుణులకు ఎంతో సులువవుతుంది.